వైమార్‌లో పబ్లిక్ ఆర్ట్ ఎంఎఫ్‌ఏకి అప్లై చేస్తున్నా, పోర్ట్‌ఫోలియో నిండా గోడ బొమ్మలే ఉంటే పర్లేదా?

గోడగీత:
అందరికీ నమస్తే. బీఎఫ్‌ఏ పెయింటింగ్ అయ్యాక మూడేళ్లుగా హైదరాబాద్‌లో గోడల మీద బొమ్మలేస్తున్నా, ఎక్కువగా ఫ్లైఓవర్ పిల్లర్లు, స్కూలు ప్రహరీలు. జర్మనీలో వైమార్ బౌహౌస్ యూనివర్సిటీలో పబ్లిక్ ఆర్ట్ (జనం తిరిగే చోట్ల చేసే కళ) ఎంఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్‌లో మాస్టర్స్, ఉంది కదా, ఇంగ్లీషులో చదవొచ్చు, ట్యూషన్ ఫీజు లేదు, దానికి అప్లై చేద్దామని కూర్చున్నా. తీరా పోర్ట్‌ఫోలియో తెరిస్తే నెమళ్లు, బతుకమ్మలు, చార్మినార్, అన్నీ ఎవరో వెయ్యమన్నవే. మంచి ఫోటోలు ఓ నలభై ఉన్నాయి, సరిపోతాయా? మోటివేషన్ లెటర్‌లో ఏం రాయాలి? మా నాన్నేమో "గోడలకు రంగులెయ్యడానికి జర్మనీ దాకా ఎందుకురా" అంటున్నాడు, ఆయనకి కూడా ఒక జవాబు కావాలి.

సున్నపుతట్ట:
తమ్ముడూ, నేను అక్కడే చదివాను. నలభై ఫోటోలు పెట్టకు, నాలుగు పనులు చాలు. బొమ్మ ఎంత బాగా వచ్చిందన్నది వాళ్లు ఎలాగూ చూస్తారు, కానీ ఆ గోడ ఎవరిది, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు గొడవ పెట్టుకున్నారు, ఇప్పుడెలా ఉంది, ఇవి రాస్తే ఆగి చదువుతారు. నా సంగతే చెప్తా. మా ఊళ్లో ఎండిపోయిన ఊరబావి ఉంటే, ఏ ఏడాది నీళ్లు ఎంతదాకా ఉండేవో ముసలివాళ్లను అడిగి బావి లోపలి గోడ మీద సున్నంతో గీతలు గీశా. ఒక్కో గీత కోసం ఇద్దరు ముసలమ్మలు కొట్టుకున్నంత పని చేశారు. వానకి సగం కొట్టుకుపోయింది, ఫోటోలు ఫోన్‌లో తీసినవే. ఇంటర్వ్యూలో దాని గురించే చాలాసేపు అడిగారు, నేను గొప్ప అనుకున్న అరవై అడుగుల మ్యూరల్‌ని ఒక్క క్లిక్‌తో దాటేశారు.

జనం తిట్టారని రాయడానికి సిగ్గుపడకు. జర్మనీలోనే మ్యూన్‌స్టర్ అనే ఊళ్లో 1977 నుంచి పదేళ్లకోసారి ఊరంతా శిల్పాలు పెడతారు, అదసలు మొదలైందే ఒక శిల్పం మాకొద్దని ఊళ్లోవాళ్లు గొడవ చేస్తే. ఇంకో జర్మన్ ఊరు కాసెల్‌లో 1982లో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు 7000 బసాల్ట్ రాళ్లు మ్యూజియం ముందు కుప్ప పోయించి, ఒక్కో ఓక్ మొక్క నాటినప్పుడల్లా పక్కన ఒక రాయి పాతుకుంటూ వెళ్దామన్నాడు, ఆ కుప్పని చూసి జనం మండిపడ్డారు. చివరి మొక్క 1987లో నాటారు, అప్పటికి ఆయన పోయి ఏడాదైంది.

లెక్కలపద్దు:
ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు బ్రో. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చులకి ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, నెలకి 992 చొప్పున చేతికొస్తాయి (ఈ అంకె మారుతుంటుంది, వీసా ముందు మళ్లీ చూసుకో). ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలువేనని జర్మనీ వాళ్లు చూసి ఇచ్చేది) పని ఇప్పుడే మొదలుపెట్టు. నేను అడ్మిషన్ వచ్చాక చూద్దాంలే అని కూర్చుని, ఒక మార్కుల మెమో స్పెల్లింగ్ తప్పు దిద్దించుకోవడానికి మా కాలేజీ చుట్టూ రెండు నెలలు తిరిగా, ఆ టెన్షన్ వద్దు. వైమార్ చిన్న ఊరు, జర్మన్ రాకపోతే పార్ట్‌టైమ్ పని దొరకడం కష్టం.

మట్టిచేతులు:
వెళ్లొద్దనను గానీ వెళ్లేముందు ఒకసారి శాంతినికేతన్ చూసి రా. శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన 'సంతాల్ కుటుంబం' శిల్పం ఆరుబయటే ఉంది, సిమెంటూ ఎర్ర కంకరా కలిపి చేశాడు, ఎవరూ చెయ్యమనలేదు కూడా. లెటర్‌కి విషయం కావాలంటే ట్యాంక్‌బండ్ ఉంది కదా. ఎన్టీఆర్ హయాంలో విగ్రహాలు పెట్టారు, 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో కొన్నిటిని పడగొట్టారు, తర్వాత మళ్లీ పెట్టారు. ఎవరి విగ్రహం ఎక్కడ ఉండాలో ఎవరు తేలుస్తారు అన్నది నీ ఊరి ప్రశ్నే, దాన్ని వాళ్లకి నువ్వే చెప్పాలి. మీ నాన్నకి జవాబు కూడా అందులోనే దొరుకుతుందేమో.

గోడగీత:
థాంక్స్ అన్నా, అందరికీ. ఒక బస్తీ స్కూలు గోడ మీద పిల్లలు చెప్పినవే వేశా, అదొక్కటే ఎవరూ డబ్బులివ్వని పని, అందుకే పోర్ట్‌ఫోలియోలో పెట్టలేదు. ఇప్పుడు దాని నిండా కోచింగ్ సెంటర్ పోస్టర్లు. రేపు పొద్దున్నే వెళ్లి శుభ్రం చేసి ఫోటో తీస్తా.

సున్నపుతట్ట:
పోస్టర్లు చింపకు. అలాగే తియ్యి.