గేమింగ్ ల్యాప్‌టాప్ వేడికి అండర్‌వోల్ట్ చేయాలా, టర్బో ఆపేస్తే చాలా?

బెజవాడ కుర్రాడు
నాది 2019లో కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్. ప్రాసెసర్ కోర్ ఐ7-9750హెచ్, గ్రాఫిక్స్ జీటీఎక్స్ 1660 టీఐ. రోహిణి కార్తె మొదలైన దగ్గర్నుంచి గేమ్ పెట్టిన పది నిమిషాలకే ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటుతోంది. డబ్ల్యూ కీ చుట్టూ ప్లేటు వేలు ఆనించలేనంత కాలుతోంది. ఫ్రేములు (సెకనుకి తెర మీద కనిపించే బొమ్మలు) ఉన్నట్టుండి పడిపోయి, రెండు మూడు సెకన్లకి మళ్లీ లేస్తున్నాయి.

షాపులో అడిగితే "పవర్ ప్లాన్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టుకో, టర్బో (చిప్ మామూలు వేగం దాటి పరిగెత్తడం) ఆగిపోతుంది. అండర్‌వోల్ట్ జోలికి వెళ్తే చిప్ పోతుంది" అన్నారు. మా రూమ్మేట్ ఏమో అండర్‌వోల్ట్ చేయకుండా ఇన్నేళ్లు వాడటమే తప్పంటున్నాడు. కొత్తది కొనే పరిస్థితి లేదు, దీంతోనే ఇంకో రెండేళ్లు లాగాలి. ఎవరి మాట వినాలి?

ఓరుగల్లు
తమ్మీ, 99 పెడితే చల్లబడుతది, అది నిజమే. కానీ ఏం పోతదో సూడు. నీ చిప్ బేస్ స్పీడ్ 2.6 గిగాహెర్ట్జ్. ఆరు కోర్లు కలిసి పనిచేసినా 4.0 దాక పోగలదు. 99 పెట్టినవంటే 2.6 కాడ కట్టేసినట్టే. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ అసొంటి ఆటలకు ప్రాసెసర్ స్పీడే ముఖ్యం, ఫ్రేములు మస్తు పడిపోతయి.

అండర్‌వోల్ట్ అంటే స్పీడ్ తగ్గించుడు కాదు. లక్షల చిప్‌లల్ల అన్నిటికన్నా బలహీనంగ వచ్చింది కూడ ఆగకుండ నడవాలని కంపెనీ కొంత వోల్టేజ్ ఎక్కువ పెట్టే పంపుతది. నీ చిప్‌కు అంత అక్కర లేకపోవచ్చు. ఆ ఎక్కువది తీసేస్తం, అంతే. చిప్ తినే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటది. 1.10 వోల్టుల మీద నడిచేది అదే స్పీడ్‌ల 1.00 మీద నడిస్తే పవర్ దగ్గర దగ్గర 17 శాతం తగ్గుతది. పైసా ఖర్చు లేదు. థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్ దించుకో, అండ్ల వోల్టేజ్ మార్చే ఎఫ్‌ఐవీఆర్ విండోల కోర్, క్యాష్ (చిప్ లోపలి చిన్న మెమరీ) రెండిటికీ మైనస్ 50 మిల్లీవోల్ట్‌లు పెట్టు. ఒక్క కోర్‌కే పెట్టి క్యాష్ ఇడిచిపెడితే ఫలితం కనపడది. 50 ఆగితే పది పది చొప్పున దిగు. నేను నా పాత ఐ7-8750హెచ్ చిప్‌కు మైనస్ 120 పెట్టి నాలుగేండ్ల సంది వాడుతున్న.

సర్వీస్ బెంచి
పద్నాలుగేళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పి బిగించడమే నా పని. బాబూ, ముందు ఒక్క ప్రశ్న. 2019 నుంచి దాన్ని ఒక్కసారైనా విప్పించావా?

వేడి అని నా దగ్గరికొచ్చిన వాటిలో ఎక్కువ శాతం కథ ఒకటే. ఫ్యాన్ తీస్తే దాని వెనక రాగి రెక్కల ముందు దుమ్ము దళసరిగా పేరుకుని ఉంటుంది. ట్వీజర్‌తో ఓ మూల పట్టుకుని లాగితే గుడ్డపీలికలా మొత్తం ఒకే ముక్కగా ఊడొస్తుంది. గాలి పోయే దారే లేదన్నమాట. హీట్ సింక్ ఎత్తితే థర్మల్ పేస్ట్ చిప్ నడిమధ్య నుంచి అంచులకి జరిగిపోయి, మధ్యలో మెరిసే సిలికాన్ కనిపిస్తుంది. అలాంటిదానికి వోల్టేజ్ ఎంత తగ్గించి ఏం లాభం?

అండర్‌వోల్ట్‌తో చిప్ పోతుందన్న మాట మాత్రం తప్పు. వోల్టేజ్ పెంచితే చిప్‌కి చేటు, తగ్గిస్తే కాదు. నా భయం వేరు. బ్లూ స్క్రీన్ వస్తే మంచిదే, తప్పు తెలిసిపోతుంది. తెలియకుండా జరిగేదే ప్రమాదం. ఒక ఇంజినీరింగ్ కుర్రాడు జిప్ ఫైళ్లు తెరుచుకోవట్లేదని తెచ్చాడు. ఎస్‌ఎస్‌డీ అనుకుని మార్చాం, అదే గొడవ. ర్యామ్ మార్చాం, అదే. చివరికి చూస్తే వోల్టేజ్ మైనస్ 160 పెట్టి ఉంది. గేమ్స్ బాగానే ఆడుతున్నాయట. ఫైనలియర్ ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం పాడైపోయాయి. ఆ పిల్లాడి మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఓరుగల్లు
అన్నా, అది హద్దు దాటినోని తప్పు, అండర్‌వోల్ట్ తప్పు కాదు. గేమ్ ఆడి సరిపోయిందనుకుంటే గట్లనే అయితది. ప్రాసెసర్‌కు బరువు పెట్టి పరీక్షించే సినీబెంచ్ ఆర్23 అరగంట తిప్పాలె, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌ల వీయా లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు రాసిపెట్టేది) హెచ్చరికలు ఉన్నయా సూడాలె. ఒక్కటి కనపడ్డా పది మిల్లీవోల్ట్‌లు ఎనక్కి రావాలె. ఇంకోటి, బరువు మీద కంటే ఖాళీగ ఉన్నప్పుడే పడిపోయే చిప్‌లు శానా ఉంటయి. అందుకే నేను హద్దు దొరికినంక ఇంకో 20 మిల్లీవోల్ట్‌లు ఎనక్కొచ్చి ఆగిన.

నైట్‌షిఫ్ట్ లక్ష్మి
చిప్ వెరిఫికేషన్‌లో పనిచేస్తాను కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను. ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది: అండర్‌వోల్ట్ చేసినా టెంపరేచర్ తగ్గకపోవచ్చు.

ఈ చిప్‌కి ఎక్కువసేపు లాగగలిగే పవర్‌కి ఒక హద్దు ఉంటుంది, పీఎల్1 అంటారు. చాలా ల్యాప్‌టాప్‌లలో అది 45 వాట్లు. సినీబెంచ్ లాంటి బరువైన పనిలో చిప్ ఆ 45 వాట్లూ ఎలాగూ తినేస్తుంది. వోల్టేజ్ తగ్గిస్తే అదే 45 వాట్లలో ఇంకాస్త వేగంగా పరిగెడుతుంది. వాట్లు మారలేదు కాబట్టి వేడీ మారదు. "అండర్‌వోల్ట్ చేశా, ఒక్క డిగ్రీ తగ్గలేదు" అని నిరాశపడేవాళ్ల సమస్య ఇదే. గేమ్స్‌లో చాలాసార్లు ఆ హద్దు తగలదు కాబట్టి అక్కడ తేడా కనిపిస్తుంది. కచ్చితంగా చల్లబడాలంటే వోల్టేజ్‌తో పాటు పైన ఒక మూత కూడా పెట్టాలి. థ్రాటిల్‌స్టాప్‌లో టర్బో రేషియో 40 బదులు 36 పెడితే 3.6 దగ్గర ఆగుతుంది. చివరి 400 మెగాహెర్ట్జ్ కోసమే చిప్ వోల్టేజ్‌ని బాగా ఎక్కువ అడుగుతుంది. టర్బో మొత్తం ఆపడం కంటే ఇది ఎంతో నయం.

సర్వీస్ బెంచి గారి భయం నిజమైనదే. 2019 డిసెంబరులో బయటపడ్డ ప్లండర్‌వోల్ట్ దాడి సరిగ్గా దాని మీదే నడిచింది. బర్మింగ్‌హామ్, గ్రాజ్, ల్యూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు సాఫ్ట్‌వేర్‌తోనే వోల్టేజ్ దించి, ఇంటెల్ ఎస్‌జీఎక్స్ (చిప్‌లో రహస్యాలు దాచే భద్రమైన భాగం) లోపల గుణకారం తప్పు వచ్చేలా చేసి రహస్య ఎన్‌క్రిప్షన్ కీలు రాబట్టారు. సిస్టమ్ ఆగిపోలేదు, లెక్క మాత్రమే తప్పింది. ఆ తర్వాతే చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్ (మెషిన్‌ని లేపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లలో వోల్టేజ్ మార్చే వీలు మూసేశారు.

ఓరుగల్లు
అక్కా, నా కోపమంత వోల్టేజ్‌కు ఏసిన ఆ తాళం మీదనే. ఆ దాడి చేయాలంటే ముందుగాల మిషన్ల అడ్మిన్ హక్కులు రావాలె. అవి వచ్చినోనికి నా గేమ్ సేవ్‌లు, పాస్‌వర్డ్‌లు ఎట్లనో గట్ల దొరుకుతయి కదా. ఎస్‌జీఎక్స్ వాడనోడు దాన్ని ఆపేసుకుని, వోల్టేజ్ తెరిచి పెట్టుకునే అవకాశం బయోస్‌ల ఇస్తే సరిపోతుండె. పైసలు పెట్టి కొన్న మనిషిని అడగకుండ ఒక్క అప్‌డేట్‌తోని ఉన్న సౌకర్యం గుంజుకున్నరు. 11వ తరం నుంచి మామూలు కోర్ చిప్‌లల్ల ఎస్‌జీఎక్సే లేదు, అయినా చాలా ల్యాప్‌టాప్‌లల్ల తాళం అట్లనే ఉన్నది. తెరిచి ఉండాలంటే ఖరీదైన హెచ్ఎక్స్ రకం చిప్ కొనాలె, అది ఎంతమందితోని అయితది?

తమ్మీ, నీకు తాళం పడి ఉంటే పాత బయోస్‌కు పోవుడే.

నైట్‌షిఫ్ట్ లక్ష్మి
కొన్నవాళ్లకి ఆ ఎంపిక ఉండాల్సిందేనని నేనూ అంటాను. కానీ ఈ అబ్బాయిని పాత బయోస్‌కి వెళ్లమనడం మాత్రం ఒప్పుకోను. దానితో పాటు మూసిన మిగతా భద్రతా లోపాలన్నీ తెరుచుకుంటాయి. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు లేవకపోవచ్చు. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా థ్రాటిల్‌స్టాప్‌లో వోల్టేజ్ మారదు. దాన్ని ఆపమని సలహా ఇచ్చే ముందు అతను అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు చేస్తాడేమో అడగాలి. తాళం పడి ఉంటే 3.6 మూతతో ఆగు తమ్ముడూ, దానికి వోల్టేజ్ ముట్టుకోనక్కర్లేదు.

రైజెన్ రాజమండ్రి
నాది ఏఎండీ రైజెన్ 5800హెచ్. బయోస్‌లో వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ కనిపించదు. రైజెన్‌ఏడీజే అనే సాఫ్ట్‌వేర్‌తో పవర్ హద్దు తగ్గించుకున్నా, హాయిగా ఉంది. వోల్టేజ్ జోలికే పోలేదు.

బెజవాడ కుర్రాడు
అందరికీ థాంక్సండీ. మూడు రోజులు కూర్చుని చేశాను. ముందు విప్పించాను. బెంచి గారు చెప్పినట్టే దుమ్ము, రెండు ఫ్యాన్ల దగ్గరా. పేస్ట్ కొత్తది వేయించాను. దానితోనే 96 నుంచి 88కి దిగింది.

నా బయోస్ పాతదే, వోల్టేజ్ తాళం లేదు. మెమరీ ఇంటెగ్రిటీ మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంది. ఇందులో బ్యాంకు పనులు చేయను, అవన్నీ ఫోన్లోనే. మైనస్ 130 దగ్గర సినీబెంచ్ అరగంట ఆగకుండా నడిచింది. ఆనందపడి టీ తాగడానికి లేచాను. తిరిగొచ్చేసరికి డెస్క్‌టాప్ మీద ఏమీ తెరవకుండానే బ్లూ స్క్రీన్! ఓరుగల్లు అన్న చెప్పింది ఇదే కాబోలు. ఇప్పుడు మైనస్ 100, టర్బో రేషియో 36. అదే గేమ్, అదే మ్యాప్, 79 డిగ్రీలు. ఫ్రేములు ఊగట్లేదు. 99 పెట్టి కూడా చూశాను, 70కి దిగింది కానీ ఫ్రేములు 140 నుంచి 90కి పడిపోయాయి. అది నాకొద్దు.

సర్వీస్ బెంచి
సంతోషం బాబూ. వీయా హెచ్చరికలు మాత్రం నెలరోజులు చూస్తూ ఉండు, ప్రాజెక్టు ఫైళ్లు వేరే చోట కాపీ పెట్టుకో. ఇంకొకటి, ఈ కొలతలన్నీ ఒకే వేళప్పుడు తీశావా? గది పది డిగ్రీలు చల్లబడితే చిప్పూ దాదాపు అంతే చల్లబడుతుంది. మధ్యాహ్నం తీసిన 88కి, రాత్రి తీసిన 79కి పోలిక కుదరదు.

బెజవాడ కుర్రాడు
88 మధ్యాహ్నం రెండింటికి తీసింది. 79 మాత్రం రాత్రి పదకొండు దాటాక, వాన పడ్డాక తీశానండీ. రేపు రెండింటికి మళ్లీ తీసి ఇక్కడే పెడతాను.