మరులు ‘మరలును’నా, ‘మరుగును’నా?

బొబ్బిలి నుంచి: మొన్న మా మేనకోడలి పెళ్లిలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని గురజాడ వారి ‘కాసులు’ గేయం చదివారు. “మరులు ప్రేమని మది దలంచకు, మరులు మరుగును వయసుతోడనె” అన్నారు. నా చెవికి తేడా కొట్టింది. చిన్నప్పుడు నేను విన్నది ‘మరలును’. చేతిలో పుస్తకం లేదు, రెండు రోజులుగా నోట్లో అదే ఆడుతోంది. ఏది సరి?

విజయనగరం నుంచి: మరలును. అనుమానం అక్కర్లేదు బాబూ. ‘మరులు’ పక్కనే ‘మరలు’ పెట్టాడు మహానుభావుడు. రకారం కొమ్ము ఊడిందంతే, మోహం వెనక్కి తిరిగిపోయింది! ‘మరుగును’ అంటే ఆ అందం ఎక్కడిది?

పాలకొండ నుంచి: మాస్టారూ, అందం సరే, మాత్రలు, అంటే అక్షరాలు పలికే కాలపు లెక్క, ఏమంటాయి?

విజయనగరం నుంచి: ఈ గేయం ఛందస్సు ముత్యాలసరం, దాని నడక మూడు, నాలుగు మాత్రలు. ‘మరులు’ మూడు, ‘మరలును’ నాలుగు. ‘మరుగును’ కూడా నాలుగే. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు, చెవి చెప్పాలి.

రాజాం నుంచి: నా పేచీ ‘తోడనె’ మీద. ‘వచ్చిన తోడనే’ అంటే రాగానే అని కదా. అలా చూస్తే, వయసు రాగానే మరులు మనసుని తిప్పేస్తాయని ఎందుకు కాకూడదు? ‘మరల’ అంటే మళ్లీ అనే అర్థం కూడా ఉంది.

విజయనగరం నుంచి: క్రియ తర్వాత వస్తే వెంటనే. పేరు తర్వాత వస్తే పాటు. వయసు ఎటు పోతే మరులూ అటే. ఆ తర్వాతి మాట చూడండి: “మాయ మర్మము లేని నేస్తము మగువలకు మగవారి కొక్కటె బ్రతుకు సుకముకు రాజమార్గము”. పోయేదాన్ని ముందు చెప్పి, నిలిచేదాన్ని తర్వాత చెప్పాడు.

సాలూరు నుంచి: మరులుతీగ తొక్కితే దారి తప్పుతారని మా పెద్దలు అనేవారు. మరులంటే దారి తప్పడం, నేస్తమంటే రాజమార్గం. ఈ పద్యమంతా దారి మీదే నడిచిందని నా నమ్మకం.

నరసన్నపేట నుంచి: అందరూ మరుల దగ్గరే ఆగిపోయారు. ‘స్నేహము’ అన్నా నాలుగు మాత్రలే, అక్కడ చక్కగా సరిపోయేది. అయినా ఆయన ‘నేస్తము’ అన్నాడు. మా అమ్మమ్మకి పొరుగూళ్లో ఒక నేస్తం ఉండేది. ఇద్దరిదీ ఒకటే పేరు. పళ్లెంలో బియ్యం, పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క పెట్టి ఇచ్చి పుచ్చుకున్నారట. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు, ‘నేస్తం’ అనే పిలుపు. అమ్మమ్మ మంచం పట్టినప్పుడు ఆవిడ నడిచొచ్చి, తల దువ్వి, జడ వేసి వెళ్లేది. ‘కాసులు’లో మాట్లాడేది భర్త, భార్యతో ఆ మాట అన్నాడంటే ఎంత పెద్ద మాట అన్నట్టు! ‘మగడు వేల్పన పాతమాటది’ అని, ‘ప్రాణమిత్రుడ నీకు’ అన్నది కూడా అందులోనే.

పాలకొండ నుంచి: బాగుందప్పా. కానీ ‘సుకము’ అచ్చుతప్పు కాదా? ‘సుఖము’ ఉండాలి.

విజయనగరం నుంచి: తప్పు కాదు. జనం నోట పలికేది సుకమే. 1909లో కన్యాశుల్కాన్ని తిరగరాసి అచ్చువేసినప్పుడు మన వీధుల మాటంతా అందులోకి తెచ్చినవాడికి ఒత్తు తీయడం ఒక లెక్కా? పైగా గ్రాంథికంగా ‘సుఖమునకు’ అని రాస్తే అయిదు మాత్రలై నడక కుంటుతుంది.

పాలకొండ నుంచి: ‘సుఖముకు’ అన్నా నాలుగే కదండీ. ఒత్తు ఉంచితే మాత్ర పెరగదు.

విజయనగరం నుంచి: పెరగదు. అందుకే కావాలని తీశాడంటున్నాను. “బ్రతుకు సుకముకు” అని పైకి చదివి చూడండి, ఎంత తేలిగ్గా జారుతుందో.

బొబ్బిలి నుంచి: చదివాను. పెళ్లిలో చదివిన పెద్దాయనకీ ఫోన్ చేశాను. ఆయన తండ్రిగారు ‘మరుగును’ అనే నేర్పారట, మార్చనన్నారు.

రాజాం నుంచి: ‘తోడనె’ సంగతి ఇంకా తేలలేదు మాస్టారూ.