డి (D) ప్రోగ్రామింగ్ భాషలో డెలిగేట్ ఇంత స్లోనా, లేక నా టెస్టే తప్పా?

ప్రశ్న:
ఒకే లెక్కను రెండు రకాలుగా రాశాను, ఒకటి నేరుగా లూప్‌లో, ఇంకొకటి వేరే మాడ్యూల్‌లో ఉన్న ఫంక్షన్‌కి డెలిగేట్ (ఫంక్షన్‌ని, అది వాడే డేటాతో కలిపి అందించే విలువ) ఇచ్చి. ఎల్‌డీసీ అనే డి కంపైలర్‌లో ఓ3 (గట్టి ఆప్టిమైజేషన్ ఆప్షన్) పెట్టి పది కోట్ల సార్లు తిప్పితే మొదటిది సున్నా మిల్లీసెకన్లు, రెండోది మాత్రం కళ్లకు తెలిసేంత టైమ్ తీసుకుంటోంది. లైబ్రరీ మొత్తం డెలిగేట్ల మీదే కట్టాను, అందుకే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ముందు ఆ సున్నాని నమ్మకండి. వచ్చిన మొత్తాన్ని ఎక్కడా వాడకపోతే కంపైలర్ లూప్‌నే తీసి పారేస్తుంది. చివర్లో ప్రింట్ చేసినా సరిపోకపోవచ్చు, ఎందుకంటే 1 నుంచి ఎన్ వరకు కూడికలాంటిదైతే ఎల్‌డీసీ లోపల కోడ్‌ని ఆప్టిమైజ్ చేసే ఎల్ఎల్‌వీఎం దాన్ని సూత్రంగా మార్చేసి ఒక్క గుణకారంతో తేల్చేస్తుంది. రన్ టైమ్‌లో నింపిన అర్రే మీద కొలవండి.

ఇక డెలిగేట్ అంటే రెండు పాయింటర్లు, కాంటెక్స్ట్ ఒకటి, ఫంక్షన్ ఒకటి, 64 బిట్‌లో 16 బైట్లు. మాడ్యూళ్లు విడివిడిగా కంపైల్ అయితే అవతలి వైపు ఏ ఫంక్షన్ వస్తుందో తెలియదు కాబట్టి ఇన్‌లైన్ (పిలుపు బదులు ఫంక్షన్ కోడ్‌నే అక్కడ పెట్టడం) కుదరదు. ఫంక్షన్‌ని ఏలియాస్ పారామీటర్‌తో (కంపైల్ టైమ్‌లోనే అందుకునేలా) టెంప్లేట్‌గా రాస్తే ప్రతి లాంబ్డాకి (పేరు లేని ఫంక్షన్‌కి) విడిగా కోడ్ తయారవుతుంది, ఇన్‌లైన్ కూడా అవుతుంది. బైనరీ పెరుగుతుంది, అందుకని చాలాసార్లు తిరిగే వేడి లూపుల్లో మాత్రమే అలా చేయండి.

జవాబు 2:
పిలుపు ఖర్చు కంటే క్లోజర్ (బయటి వేరియబుల్స్‌ని పట్టుకున్న ఫంక్షన్) ఖర్చు చూడండి. లోకల్ వేరియబుల్‌ని పట్టుకున్న డెలిగేట్ ఫంక్షన్ దాటి బతకొచ్చని కంపైలర్ అనుకుంటే ఆ వేరియబుల్‌ని జీసీ హీప్‌లో (గార్బేజ్ కలెక్టర్ చూసుకునే మెమరీలో) పెడుతుంది. పారామీటర్‌కి స్కోప్ అని రాస్తే స్టాక్‌లోనే ఉంటుంది. యూనిట్‌టెస్ట్‌కి నోజీసీ (జీసీ మెమరీ వాడొద్దని చెప్పే గుర్తు) తగిలించండి, ఎక్కడైనా జీసీ అలొకేషన్ దూరితే కంపైల్ దగ్గరే ఎర్రర్ వస్తుంది.

టెస్టులు ఆప్టిమైజేషన్‌తోనూ, లేకుండానూ రెండుసార్లు నడపండి. నేనొకసారి స్ట్రక్ట్‌లో దాని సొంత మెథడ్‌కే డెలిగేట్ దాచాను. స్ట్రక్ట్ కాపీ అయినా కాంటెక్స్ట్ పాయింటర్ పాత చోటునే చూపిస్తుంది కదా, డీబగ్ బిల్డ్‌లో ఆ చోట పాత విలువ ఇంకా చెరిగిపోలేదు, టెస్ట్ పాసైంది. ఓ3లో చెత్త విలువ వచ్చింది, రెండు రోజులు పట్టింది దొరకడానికి.

అడిగినవారు:
అర్రే మార్చి చూశాను, సున్నా పోయింది, తేడా చాలా తగ్గింది. నోజీసీ పెట్టగానే మూడు చోట్ల ఎర్రర్, రెండు స్కోప్‌తో పోయాయి, మూడోది నిజంగానే డెలిగేట్‌ని లిస్టులో దాచుకుంటోంది, దాన్ని అలాగే ఉంచాను.