సీపీ (సెరిబ్రల్ పాల్సీ, కండరాలు అదుపులో ఉండని వైకల్యం) ఉన్న పాపకు మౌస్ చేతిలో ఆగట్లేదు, తెలుగు టైపింగ్‌కు మీరేం వాడుతున్నారు?

ఖమ్మం_అమ్మ: పాప ఏడో తరగతి. కుడిచెయ్యి వణుకు, ఎడమచేతి చూపుడువేలు బాగానే ఆడుతుంది. సోషల్ నోట్సు తెలుగులో టైప్ చేయాలి. పాత ల్యాప్‌టాప్, విండోస్ 10. ఏం పెట్టమంటారు? టేబుల్ ఎత్తు ఎంతుండాలి? పరీక్ష కంప్యూటర్ మీద రాయనిస్తారా?

రవి_గుంటూరు: వాయిస్ టైపింగ్ పెట్టండి అక్కా. ఫోన్లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్ తెలుగు బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. దీనికింత టెన్షనెందుకు?

బన్నీనాన్న: మీ మాట పట్టుకుంటుంది. మావాడి మాట మాకే రెండోసారి చెప్తే గానీ అర్థం కాదు. ప్రతివాళ్ళదీ ఇదే సలహా, విసుగొచ్చేసింది. అమ్మా, సెట్టింగ్స్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ చేయండి. వేలు వణికి అదే మీట మళ్ళీ మళ్ళీ పడినా ఒక్కసారే తీసుకుంటుంది. స్టిక్కీ కీస్ పెడితే షిఫ్ట్ నొక్కి వదిలేసి, తర్వాత అక్షరం కొట్టొచ్చు. పైసా ఖర్చు లేదు.

టైపు_శర్మ: అయితే ఇన్‌స్క్రిప్టే నేర్పండి, తెలుగు అక్షరాలు నేరుగా మీటల మీదే ఉండే కీబోర్డు అమరిక. 'కమల'కు అందులో మూడు మీటలు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే రోమన్‌లో ఆరు. పాప వేలికి సగం పని తగ్గుతుంది.

రవి_గుంటూరు: 'విద్యార్థి' కొట్టండి మాస్టారూ. పొల్లు రెండుసార్లు, 'థ'కు షిఫ్టు, మొత్తం పదకొండు. రోమన్‌లో పదే.

టైపు_శర్మ: ఒక్క మాటతో లెక్క తేల్చేస్తావా బాబూ? పేజీ మొత్తం కొట్టి చూడు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాణ్ణి నేను.

రవి_గుంటూరు: పది వేళ్ళవాళ్ళకు నేర్పారు సార్. ఇక్కడున్నది ఒక్క వేలు.

బన్నీనాన్న: మీరిద్దరూ మీటలు లెక్కపెడుతూ కూర్చోండి. ఒక్క వేలికి అలుపు వచ్చేది ఆ చివర్నుంచి ఈ చివరికి పోయి రావడంతో. అందుకే మేం చిన్న కీబోర్డు కొన్నాం, పక్కన నంబర్ మీటలు లేనిది.

ఓటీ_లత: నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, రోజూ ఈ పిల్లలతోనే పని. కూర్చునే తీరు సరిచేయకుండా సాఫ్ట్‌వేర్లు మార్చి లాభం లేదు. పాదాలు ఆనాలి, మోచేయి టేబుల్ మీద ఆనాలి. తర్వాత కీగార్డ్: ప్రతి మీట మీదా చిల్లున్న యాక్రిలిక్ పలక. చెయ్యి దాని మీద ఆన్చి, చిల్లులోంచి వేలు దింపడమే. పక్క మీట పడదు.

రవి_గుంటూరు: ఐఓఎస్ 18లో కళ్ళతోనే నడపొచ్చు కదా?

బన్నీనాన్న: ఆవిడ పాత ల్యాప్‌టాప్ అంటోంది నాయనా! ఐఫోన్ 12, ఆపైవాటిలోనే అది. నువ్వు కొనిపెడతావా?

టంకం_కిట్టు: పాత మౌస్ విప్పి ఎడమ బటన్ స్విచ్ కాళ్ళకు రెండు వైర్లు టంకం పెట్టి, 3.5 మి.మీ. సాకెట్ బిగించండి. దానికి పెద్ద బటన్ తగిలిస్తే మోచేత్తోనో మోకాలితోనో క్లిక్ చేయొచ్చు. ఆన్-స్క్రీన్ కీబోర్డులో స్కానింగ్ పెడితే వరుసలు ఒక్కొక్కటే వెలుగుతాయి, కావలసిన చోట నొక్కడమే. నెమ్మదే, కానీ నడుస్తుంది.

టైపు_శర్మ: ఆ వేగంతో సోషల్ నోట్సు ఎప్పటికయ్యేను!

టంకం_కిట్టు: తొందర మీదా, పాపదా?

టీచర్_నల్గొండ: పరీక్ష సంగతి ఎవరూ చెప్పలేదు. 2018 ఆగస్టు 29 కేంద్ర మార్గదర్శకాల్లో వీలైనంతవరకు కంప్యూటర్ మీద రాసే ఎంపిక ఇవ్వాలనీ, గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలనీ ఉండేది. అప్పట్లో వైకల్యం 40 శాతమో, ఆపైనో ఉన్నట్టు సర్టిఫికెట్ అడిగేవారు. ముందే హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి.

బన్నీనాన్న: ఆ సర్టిఫికెట్ స్లాట్ ఈమధ్య ఎవరికైనా దొరికిందా? మాది రెన్యువల్‌కొచ్చింది.

రవి_గుంటూరు: శర్మగారూ, 'రాష్ట్రం' కొట్టి చూపించండి.