కొత్తగా తెరిచిన లేజర్ ట్యాగ్‌లో పిల్లాడి పుట్టినరోజు: ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక అమ్మ)

అందరికీ నమస్తే. మా ఇంటి దగ్గరి మాల్‌లో పై అంతస్తులో కొత్తగా లేజర్ ట్యాగ్ పెట్టారు, అదే, చీకటి గదిలో వెలుగు గన్నులతో ఒకరినొకరు గురిపెట్టి కొట్టుకునే ఆట. వచ్చే ఆదివారం మా బాబుకి పదేళ్లు నిండుతాయి, అక్కడే చేయమని ఒకటే గొడవ. బడి స్నేహితులు, చుట్టాల పిల్లలు కలిపి పన్నెండు మంది. ఏడేళ్లవాళ్లున్నారు, పదకొండేళ్లవాళ్లూ ఉన్నారు. లేజర్ అంటే కళ్లకేమన్నా అవుతుందేమోనని మా అత్తగారి భయం, నాకూ అదే దిగులు. మా తోడికోడలి కొడుక్కి ఉబ్బసం. ఇద్దరు పిల్లలకి కళ్లజోళ్లు. మామగారేమో మనవడితో తానూ ఆడతానంటున్నారు, ఆయనకి పేస్‌మేకర్ ఉంది. బుక్ చేసే ముందు ఏం అడగాలో, ఆ రోజు ఏం జాగ్రత్తలు తీసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు

కళ్ల సంగతి ముందు తేల్చేద్దామండీ. పేరు లేజరే గానీ, దెబ్బ తగిలిందో లేదో తేల్చేది ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. మనింట్లో టీవీ రిమోట్‌లో ఉండేదే. ట్రిగ్గర్ నొక్కగానే గన్ నుంచి కంటికి కనపడని సంకేతం వెళ్తుంది. అది ఎవరి గన్నో చెప్పే కోడ్ కూడా అందులోనే ఉంటుంది. ఎదుటివాళ్లు తొడుక్కున్న వెస్టు (చేతుల్లేని కోటు లాంటిది) మీద ఛాతీ, వీపు, భుజాల దగ్గర ఉన్న సెన్సర్లు దాన్ని పట్టుకోగానే వెస్టు లైట్లు ఆరిపోతాయి, కొన్ని సెకన్లపాటు వాళ్ల గన్ పనిచేయదు. అంతే ఆట. అత్తగారికి నమ్మకం కుదరాలంటే రిమోట్‌ని ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కి చూపించండి. చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క మిణుకుమంటూ కనిపిస్తుంది.

కొన్ని గన్నుల్లో గురి తెలియడానికి ఎర్రగానో ఆకుపచ్చగానో నిజమైన లేజర్ గీత కూడా ఉంటుంది. ఉందేమో అడగండి, ఉంటే ఏ క్లాసుదో, అంటే ఎంత బలమైనదో చెప్పమనండి. క్లాస్ 2 అయితే 1 మిల్లీవాట్ దాటదు, కన్ను తనంతట తానే రెప్ప వేసుకుని కాచుకుంటుంది. అయినా గన్ గొట్టంలోకి తొంగి చూడొద్దని పిల్లలకి ఒక మాట చెప్పి పంపండి.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది మాత్రం తలుపుల గురించి. 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి పాతికమందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలున్నారు. వేసవి సెలవులు, శనివారం, లోపల జనం. ఆ చోటుకి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) లేదు. లేజర్ ట్యాగ్ గది ఎలా ఉంటుందో ఆలోచించండి: ప్లైవుడ్ గోడలు, ఫోమ్, కార్పెట్టు, అన్నీ నల్ల రంగు, అడుగడుగునా మలుపులు, చెవులు దద్దరిల్లే పాటలు. అలాంటి చోట కరెంటు పోయినా పిల్లలకి దారి తెలియదు.

అందుకని ఆదివారం కంటే ముందే, ఏదైనా మామూలు రోజు మధ్యాహ్నం మీరో మీ ఆయనో వెళ్లండి. రద్దీ ఉండదు. లోపల లైట్లన్నీ వేసి ఒకసారి చూపించమనండి. పుట్టినరోజు బుకింగ్ అంటే కాదనరు, కాదంటే ఆ చోటు మనకొద్దు. లోపలికి వెళ్లే తలుపు కాకుండా బయటికి పోవడానికి రెండో తలుపు ఉండాలి. మీ చేత్తో నెట్టి చూడండి, తెరుచుకుంటుందా? గొలుసు వేసుందా? తలుపు వెనక అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు పేర్చారా? కొత్తగా తెరిచిన చోట్ల మిగిలిపోయిన సామానంతా అక్కడే పడేస్తారు. ఎన్‌ఓసీ చూపించమని మొహమాటం లేకుండా అడగండి.

ఇంకొకటి. ఈ గదుల్లో పొగ యంత్రం పెడతారు. ఆ పొగకి స్మోక్ డిటెక్టర్ మోగుతోందని కొందరు దాన్ని ఆపేసి పెడతారు. ఆపేస్తే బదులుగా ఏం పెట్టారు, వేడిని పట్టే డిటెక్టర్ ఉందా అని అడగండి. అలారం మోగితే పాటలు ఆగి లైట్లు వెలుగుతాయా అనేది కూడా. ఈ రెండు ప్రశ్నలకి కౌంటర్లో అబ్బాయి తడబడితే మేనేజర్‌ని పిలిపించండి.

ఇంకొక సభ్యురాలు

మా పాపకీ ఉబ్బసమే అక్కా, అందుకే రాస్తున్నా. ఆ పొగ సాధారణంగా గ్లైకాల్ కలిపిన నీళ్లని వేడిచేసి వదిలేది. మామూలు పిల్లలకి ఇబ్బంది లేదు గానీ ఉబ్బసం ఉన్నవాళ్లకి గొంతులో గరగర, దగ్గు మొదలవుతాయి. పైగా పరుగులాట, పైగా కొత్త చోటు. రంగు వాసన, ప్లైవుడ్ జిగురు వాసన ఇంకా పోయుండవు. మీరు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ వాసన ముక్కుకి తగిలిందంటే బాబుకి ఇంకా ఎక్కువ తగులుతుంది.

గది మొత్తం మీరే తీసుకుంటే పొగ లేకుండా ఆడించమని అడగండి. మాకు ఆపారు. ఆటకేమీ లోటు రాదు, గీతలు గాల్లో కనపడవు, అంతే. ముందు వేరేవాళ్ల ఆటుంటే ఆ పొగ పోయేదాకా కాస్త ఆగండి. డాక్టరు రాసిన రిలీవర్ ఇన్‌హేలర్ లాకర్లో పెట్టి తాళం వేయకండి, గది తలుపు దగ్గర నిలబడే పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. లోపల తిరుగుతూ ఆటని చూసుకునే మార్షల్‌కి (అక్కడి సిబ్బంది) ఆ బాబుని చూపించి, ‘దగ్గితే వెంటనే బయటికి తీసుకురండి’ అని ముందే చెప్పండి. పిల్లలు ఆట మధ్యలో చెప్పరు, ఓడిపోతామనుకుంటారు. అన్నిటికన్నా ముందు తోడికోడలిని వాళ్ల డాక్టర్ని అడగమనండి.

పన్నెండు మందిలో ఎవరికైనా ఫిట్స్ ఉన్నాయేమో వాళ్ల అమ్మానాన్నల్ని విడిగా కనుక్కోండి. టపటపా కొట్టుకునే స్ట్రోబ్ లైట్లు వాళ్లకి ప్రమాదం.

అడిగినావిడ

చాలా మంచి విషయాలు చెప్పారు, తలుపుల ఆలోచనే రాలేదు నాకు. మామగారి సంగతి ఏమంటారు? పిల్లల బట్టలు, జట్లు ఎలా?

మొదట జవాబు రాసినవారు

మామగారు ఆడకపోవడమే మంచిది. చాలా వెస్టుల్లో ఛాతీ దగ్గరో భుజం దగ్గరో స్పీకర్ ఉంటుంది, స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. పేస్‌మేకర్‌కి అయస్కాంతాన్ని 15 సెంటీమీటర్లన్నా దూరం పెట్టమంటారు, వెస్టేమో సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. ఆయన డాక్టరు సరే అంటే తప్ప వద్దు. వట్టిగా కూర్చోబెడితే చిన్నబుచ్చుకుంటారు కాబట్టి బయట స్కోరు బోర్డు ఆయనకి అప్పగించండి. ఎవరు ఎవర్ని ఎన్నిసార్లు కొట్టారో అందులో వస్తూ ఉంటుంది, పిల్లలు బయటికొచ్చి అడిగేది అదే.

బట్టలు ముదురు రంగువి. లోపల అల్ట్రావయొలెట్ లైట్లుంటాయి, తెల్ల చొక్కా వేసుకున్న పిల్లాడు ఎక్కడ నక్కినా మెరిసిపోతాడు. సర్ఫులో బట్టలకి తెలుపు రావడానికి కలిపే పదార్థం ఆ వెలుగుకి వెలుగుతుంది. ఆడపిల్లల నెట్ ఫ్రాకులు, చున్నీలు గోడల మూలలకి పట్టుకుంటాయి. ఆటకి టీషర్టు, ప్యాంటు, కేకు దగ్గరికి పట్టు గౌను. చెప్పులు వద్దు, బూట్లే. కళ్లజోడు ఉన్నవాళ్లకి వెనక నుంచి కట్టే స్ట్రాప్ కొనండి. చీకట్లో కింద పడితే వెతికేలోపు ఎవరో ఒకరు తొక్కేస్తారు.

లోపల దెబ్బలు తగిలేది లేజర్‌తో కాదు, మలుపు దగ్గర పరిగెత్తుకొచ్చి ఒకరినొకరు గుద్దుకుని. గన్ మూతికి తగిలి పెదవి చిట్లుతుంది. గన్‌ని రెండు చేతులతో ఛాతీకి దగ్గరగా పట్టుకోమనండి. కొన్ని గన్నులు రెండో చెయ్యి వేస్తేనే పేలతాయి కూడా. ఇది తెలియక చిన్నపిల్లలు ‘నాది పాడైంది’ అని ఏడుస్తారు.

జట్ల దగ్గరే అసలు కిటుకు. పెద్దవాళ్లంతా ఒకవైపు చేరితే ఏడేళ్లవాళ్లు పదే పదే దెబ్బ తిని మూల కూర్చుంటారు. పిల్లల్ని ఎంచుకోనివ్వకండి, మీరే ఇంట్లో రాసుకుని వెళ్లండి: ఒక్కో పెద్ద పిల్లాడికి ఒక చిన్నవాణ్ని జత కట్టి. చిన్నవాళ్ల వెస్టులకి లైఫ్‌లు పెంచడం చాలా సిస్టమ్‌లలో కంప్యూటర్లో కుదురుతుంది, అడిగితే చేస్తారు. మొదటి ఆట అయ్యాక ఎవరు మరీ చితికిపోయారో చూసి జట్లు మార్చండి.

మరొక సభ్యుడు

బుకింగ్ గురించి రెండు ముక్కలు. వాళ్లు ఇరవై నిమిషాలంటే అందులో వెస్టు వేసే టైము, రూల్స్ చెప్పే టైము ఉన్నాయో లేదో అడగండి. ఆదివారం సాయంత్రం మీ పిల్లలతో బయటి కాలేజీ కుర్రాళ్లని కలిపి పంపుతారేమో అదీ అడిగి, ‘మా పిల్లలే’ అని రాయించుకోండి. రేటుకి పన్ను కలిపారా, ఎవరైనా రాకపోతే డబ్బు వెనక్కిస్తారా అన్నవి మామూలే. పక్కనే ట్రాంపొలిన్ ఉంటే దానికి గ్రిప్ సాక్సులు విడిగా కొనిపిస్తారు.

అడిగినావిడ

ఆఖరిది ఒక్కటే. కేకు అక్కడే కోయమంటున్నారు, పార్టీ గది ఇస్తారట. ఆట ముందా, తర్వాతా?

మొదట జవాబు రాసినవారు

ఆట తర్వాతే. కడుపు నిండా తిని పరిగెడితే వాంతులవుతాయి. ముందు తలా ఒక అరటిపండు, నీళ్లు చాలు. పార్టీ గది ఆ ప్లైవుడ్ గదిని ఆనుకుని ఉంటే నిప్పురవ్వలు చిమ్మే స్పార్కిల్ క్యాండిల్ తీసుకెళ్లకండి. స్నో స్ప్రే అసలే వద్దు. ఆ డబ్బాల్లో మండే గ్యాస్ ఉంటుంది, వెలిగే కొవ్వొత్తి మీద కొడితే భగ్గుమంటుంది, పిల్లల మొహాలు కాలేది అలాగే. పిల్లల్ని దింపేటప్పుడు ఎవరి సంచిలోనైనా ఉంటే తీసి మీ దగ్గర పెట్టుకోండి.