తొమ్మిదో తరగతికి షుగర్ పాఠం: పిల్లలతో ఏం చేయించాలి?

ప్రశ్న (సైన్సు టీచర్, అమలాపురం దగ్గర హైస్కూలు)
ఉన్నది ఒక్క పీరియడు. పిల్లలేమో "షుగరంటే పెద్దాళ్ల జబ్బు కదండీ" అంటున్నారు. ఉపన్యాసం కాకుండా చేత్తో చేయించేది చెప్పండి. గ్లూకోమీటర్‌తో అందరికీ పరీక్ష చేయొచ్చా?

డైటీషియన్, కాకినాడ
పరీక్ష వద్దండి మాస్టారూ. ఒకరి సూది ఇంకొకరికి తగిలితే రక్తం ద్వారా పాకే జబ్బులు అంటుకుంటాయి. పైగా టైప్ 2 (ఇన్సులిన్ సరిగా పనిచేయక వచ్చే మామూలు రకం షుగర్) మొదలయ్యే ముందు ఒళ్లు, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ను ఎక్కువ తయారుచేసుకుని ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. అంకె మామూలుగానే వస్తుంది, "మాకేం లేదు" అనేసుకుంటారు.

ఖాళీ కూల్‌డ్రింకు సీసా తెప్పించండి. 100 మి.లీ.కి చక్కెర ఎంతో పిల్లలచేతే చదివించండి. 11 గ్రాములని ఉంటే 600 మి.లీ.లో 66 గ్రాములు. టీస్పూనుకు సుమారు 4 గ్రాములు, అంటే 16 చెంచాల పైనే. ఒక్కొక్కరూ ఒక్కో చెంచా గాజుగ్లాసులో పోయాలి. చెంచా మీద స్కేలు గీసి సమం చేయించండి, గోపురంలా తీస్తే సగానికే లెక్క తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మేలైన హద్దు పెద్దవాళ్లకే రోజుకు 25 గ్రాములు. పక్కనే బెల్లం ముక్క కూడా పెట్టండి. పూతరేకుల్లో బెల్లం వేసినా పంచదార వేసినా షుగర్ విషయంలో ఒకటే.

పీఈటీ, భీమవరం
క్లాసులో అందరిముందూ బరువులు తూచకండి. లావుగా ఉన్న పిల్ల సిగ్గుపడి అన్నం మానేస్తుంది. ఇంట్లో దారం పరీక్ష చేసుకోమనండి: ఎత్తంత దారం, సగానికి మడిచి, ఊపిరి వదిలాక నడుం చుట్టూ తిప్పాలి. కొసలు కలవకపోతే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతున్నట్టే.
రోజుకు 60 నిమిషాలు ఒళ్లు కదలాలి, ముక్కలుగా అయినా సరే. కాలువ గట్టున సైకిలు గట్టిగా తొక్కుకుంటూ వచ్చేవాడికి రానూపోనూ కలిసొస్తుంది. ఆటోలో వచ్చేవాళ్లకీ, పెద్దమనిషి అయ్యాక గ్రౌండుకి రావడం మానేసిన ఆడపిల్లలకీ తాడాట, కబడ్డీ విడిగా పెట్టాల్సిందే.

ఏఎన్‌ఎం, రాజోలు
మెడ వెనక నల్లగా, మందంగా, మఖమల్‌లా ఉంటే మట్టనుకుని రుద్దేస్తుంటారు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు, పీహెచ్‌సీకి పంపండి. రక్తంలో చక్కెర పరగడుపున డెసిలీటరుకు 100 మి.గ్రా. లోపు మామూలు. 100 నుంచి 125 దాకా హెచ్చరిక. క్లాసులో టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారీయే దాదాపు ఆగిపోయే రకం షుగర్) ఉన్న పిల్లలుంటే, అది తిండివల్ల వచ్చింది కాదని ముందే చెప్పండి.

టీచర్
మరి అన్నం?

డైటీషియన్, కాకినాడ
కంచంలో సగం కూరగాయలు, పావు అన్నం, పావు పప్పో గుడ్డో చేపో. మన దగ్గర తప్పేదెక్కడంటే కంద, అరటికాయ, బంగాళాదుంప కూరలు. అవి అన్నం వాటాలోకే వస్తాయి. ఆ రోజు అన్నం ఒక గరిటె తగ్గించి తోటకూరో దొండకాయో చేర్చాలి. సాయంత్రం బజ్జీల బదులు గుప్పెడు శనగ గుగ్గిళ్లు.