పండక్కి ఊరెళ్లొచ్చేసరికి బండి తలుపే తెరుచుకోలేదు

సర్జాపూర్ ఒంగోలోడు:
సంక్రాంతికి 12 రోజులు ఒంగోలు వెళ్లొచ్చాం. బండి మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనే ఉంది. రాత్రి దిగి కీ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కీలో దాచిన ఇనుప తాళంచెవితో డ్రైవర్ తలుపు తీశాను. బ్యాటరీ డిక్కీలో ఉంది, డిక్కీ తెరవాలంటే కరెంటు కావాలి! బీరువా తాళం బీరువాలోనే పెట్టి మూసినట్టుంది. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే టోయింగ్ అంటున్నారు. ఇంకేదైనా దారి ఉందా?

వైట్‌ఫీల్డ్ డీజిల్:
టోయింగ్ వద్దన్నా, ఆగు. బానెట్ లివర్‌కు కరెంటుతో పని లేదు, తీగతోనే తెరుచుకుంటుంది. బ్యాటరీ వెనకున్న బండ్లలో చాలావాటికి బానెట్ కిందే జంప్ స్టార్ట్ పాయింట్లు (ఇంకో బండి బ్యాటరీ నుంచి కేబుల్‌తో కరెంటు ఇచ్చే చోట్లు) ఉంటాయి. ఎర్ర మూత కింద ప్లస్, పక్కనే మైనస్‌కి ఎర్త్ బోల్టు. మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, అది చూశాకే కేబుల్ పెట్టు. ప్లస్, మైనస్ తారుమారైతే ఫ్యూజులతో పోదు, కంట్రోల్ యూనిట్లూ కాలిపోవచ్చు.

సర్జాపూర్ ఒంగోలోడు:
స్టార్ట్ అయ్యింది! పక్క ఫ్లాట్ వాళ్ల స్విఫ్ట్‌ను పది నిమిషాలు ఆన్‌లో ఉంచాక మా ఏనుగు లేచింది. ఇప్పుడు డాష్‌బోర్డు నిండా వార్నింగ్ లైట్లు, అద్దాలు ఒక్క నొక్కుకి పైకి పోవడం లేదు. ఇదేం టెన్షన్?

అనంతపురం పెద్దాయన:
కంగారు పడకు బాబూ. వోల్టేజీ పడిపోయినప్పుడు అలాంటి లైట్లు వెలగడం మామూలే. కాస్త నడిపితే చాలావరకు ఆరిపోతాయి, ఆరనివి ఉంటే స్కాన్ చేయించు. అద్దాన్ని పూర్తిగా పైకి తెచ్చి స్విచ్ కొన్ని క్షణాలు అలాగే పట్టుకో, నాలుగు తలుపులకూ విడివిడిగా. మా బండికి అలాగే కుదిరింది. ఇంతకీ బ్యాటరీ ఎందుకు దిగిందో చూశావా? డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో (బండి ఆపినా రికార్డు చేస్తూ) ఉందా?

సర్జాపూర్ ఒంగోలోడు:
డాష్‌క్యామే లేదండీ. బండి బాగుందా లేదా అని ఊళ్లో కూర్చుని రోజూ నాలుగైదుసార్లు యాప్‌లో చూసుకున్నానంతే.

వైట్‌ఫీల్డ్ డీజిల్:
నిద్రపోయే బిడ్డను లేపి "నిద్రపోయావా?" అని అడిగావు కదన్నా! యాప్‌లో రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ బండిలో మోడెమ్, దానితోపాటు కొన్ని మాడ్యూళ్లు మేలుకుంటాయి. మళ్లీ పడుకోవడానికి టైమ్ పడుతుంది. తాళం బండికి దగ్గర్లో ఉంచినా కొన్ని మోడళ్లలో ఇదే గోల.

బెల్లందూరు కొత్త ఓనర్:
నా బండిలో ఆటో స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి, మళ్లీ స్టార్ట్ అయ్యేది) నెల నుంచి పనిచేయట్లేదు. పీడ విరగడైందనుకున్నా. అదీ బ్యాటరీయేనా?

అనంతపురం పెద్దాయన:
అయ్యుండొచ్చు. ఛార్జ్ తక్కువైతే ముందు మానేసే పని అదే. ఇంజిన్ ఆపి రెండు మూడు గంటలాగి మల్టీమీటర్ పెట్టి చూడు. 12.6 వోల్టులు ఉంటే దాదాపు నిండుగా ఉన్నట్టే, 12.2 అంటే సగం ఖాళీ. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ జామ్‌లో ఏసీ వేసుకుని గంట నిలబడితే ఏ బ్యాటరీ నిండుతుందయ్యా? మార్చాల్సొస్తే ఏజీఎం (స్టార్ట్-స్టాప్ బండ్లకు వాడే గట్టి రకం బ్యాటరీ) బదులు మామూలుది మాత్రం పెట్టించకు. కొత్తది పెట్టాక చాలా బండ్లలో దాన్ని స్కానర్‌తో బండి కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయాలి. మా మెకానిక్ ఆ పని మరిచిపోతే మళ్లీ నేనే గుర్తుచేసి చేయించాను.

సర్జాపూర్ ఒంగోలోడు:
బేస్‌మెంట్‌లో ప్లగ్ పాయింట్ ఉంది, ట్రికిల్ ఛార్జర్ (నిలిపిన బండి బ్యాటరీని మెల్లగా నింపేది) ఆర్డర్ పెట్టాను. ఇక కరెంటు బిల్లు ఎవరిదని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది.